వీశెకు తగ్గిన బిడ్డ

ఆ చెనిక్కట్టె ఇంకో చంకెడు తీసకరా అబ్బయ్యా. ఊరికే ఎగిసిపడి ఆరిపోతా వుండాది మంట. కింద ఆ చింతమొద్దు తోసి, దాని మీద కట్టె వెయ్. చెనిక్కట్టె మంటకు, చింతమొద్దు వేడికి. ఈ మాట నాది గాదు, సిస్టరక్కది. కొత్తగా ఏ నర్సు వార్డులోకి వచ్చినా ఆయమ్మ మొట్టమొదట చెప్పే మాట ఇదే. "బిడ్డకు కావాల్సింది మంట గాదమ్మా, వేడి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. చింతమొద్దు మాదిరి తెల్లార్లూ ఒకటే తీరుగా వుండల్ల."

సిస్టరక్క మాట మీరందురూ చిన్నప్పటినుంచి వింటానే వుండారు. అయితే ఆయమ్మ కత మొత్తం ఒకే తూరి నేనెప్పుడూ చెప్పలేదు. ఈ రాత్రి చెప్తా. మన పాప కుప్పంలో నర్సింగు చదువుతా వుంది, సంక్రాంతి సెలవలు అయిపోతానే పోతుంది. దానికోసరం చెప్తా, మిగిలినోళ్ళూ వినండి. పాపా, నువ్వు ఇట్ల దగ్గిరికి జరుగు. పేరు మాత్రం అడగొద్దు. ఆయమ్మే వద్దనింది. "నా పేరు కట్టుకోని ఏం జేస్తారు, బిడ్డ పేరు గుర్తుంటే చాలు" అనేది. ఆసుపత్రిలో సిస్టరు, పల్లెటూరి అవ్వలకు నర్సమ్మ, నాకు అక్క. అంతే.

ముందు నా కడుపుకోత చెప్పల్ల. మీ నాయనకు ముందు నాకొక ఆడబిడ్డ పుట్టింది, 1972లో. ఈ ఇంట్లోనే, ఆ పడమటింట్లో కాన్పు. మంత్రసాని మంచిదే, చెయ్యి మంచిదని చుట్టూ పది పల్లెలోళ్ళు పిలిచేవాళ్ళు. కొడవలితో బొడ్డు కోసింది. కోసినాక పిడక కాల్చిన బూడిద అద్దింది. అప్పుడు అందురూ అట్లనే చేస్తా వుండిరి. ఆరో దినం దాకా బిడ్డ బాగా పాలు తాగింది. ఏడో దినం పొద్దన్నే రొమ్ము అందిస్తే నోరు తెరవలేదు. దవడ బిగిసిపోయింది. రవంత సద్దయినా, దీపం వెలుగు మొకాన పడినా, ఒళ్ళంతా ఎనక్కి వొంగిపోయేది. గాలి సోకిందనిరి, తాయెత్తు కట్టిరి, కోడిని తిప్పి పడేసిరి. తొమ్మిదో దినం పోయింది.

రెండేండ్లు నేను ఆ గాలినే తిట్టుకుంటా వుంటి. అది గాలి గాదని సిస్టరక్క చెప్పేదాకా నాకు తెలీదు. ధనుర్వాతం. ధనుస్సంటే విల్లు, బిడ్డ విల్లు మాదిరి వొంగుతుంది గాబట్టి ఆ పేరు. పేడలో, మట్టిలో వుండే పురుగు పచ్చి బొడ్డులోంచి లోపలికి పోతుంది. కడుపుతో వున్నప్పుడు తల్లికి రెండు సూదులు వేసి, బొడ్డును మరగబెట్టిన బ్లేడుతో కోసి, దానిమీద ఏమీ పెట్టకుండా ఎండనిస్తే ఆ బిడ్డ బతికేది. ఇది చెప్పేటప్పుడు ఆయమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నా చెయ్యి పట్టుకోని కూర్చునింది. ఇప్పుడు మీరు ఆ జబ్బు చూసి వుండరు. 2003లో మన ఆంధ్రప్రదేశ్‌లో పసిబిడ్డల ధనుర్వాతాన్ని అదుపు చేసినారని తేల్చినారు, దేశంలో మొదటి రాష్ట్రం మనదే. 2015కు దేశమంతా. అంటే ఏ జిల్లాలో చూసినా వెయ్యి కాన్పులకు ఒక్క కేసు కూడా వుండకూడదని లెక్క. ఆ సంగతి చెప్పిన రోజు నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చోని ఏడ్చినా. ఎందుకేడుస్తా వుండావని అడిగినోళ్ళకు ఏం చెప్పను.

ఇంక మీ నాయన సంగతి. ఇదో, శాలువా కప్పుకోని ఎరగనట్టు కూర్చోనుండాడే, ఈయన్దే. 1974 మాఘమాసం. నాకు ఏడో నెల. చింతకాయ దులిపే కాలం. మాపటేళ నొప్పులు మొదలయినాయి. మా అత్త మంత్రసానిని పిలవబోతే మీ తాత అడ్డం పడినాడు. "ఒకదాన్ని ఈ ఇంట్లో పోగొట్టుకున్యాం, ఇంక వద్దు" అన్యాడు. ఆయన జన్మలో వాళ్ళమ్మకు ఎదురు మాట్లాడింది ఆ ఒక్కసారే. ఎద్దులబండి కట్టి రోడ్డెక్కించినాడు. బస్సు యాడిది ఆ యాళలో! పుంగనూరుకు చింతపండు మూటలు వేసుకోని పోతా వుండే లారీని ఆపి, మూటల నడాన నన్ను పండబెట్టిరి. పుంగనూరు దాటి మదనపల్లె చేరేటప్పటికి తెల్లారుజాము. ఆసుపత్రి గడప తొక్కిన అర్ధగంటకే బిడ్డ కింద పడినాడు.

నేను మొట్టమొదట చూసింది ఆయమ్మ చేతుల్ని. రెండు అరిచేతులూ గబగబా రుద్దుకుంటా వుండాది. ప్రసవం గదిలో చలి, కొళాయి నీళ్ళు మంచు మాదిరి వుండాయి. చేతులు రుద్దుకోని, తన చెంపకు ఆనించి చూసుకోని, అప్పుడు ముట్టుకునింది బిడ్డను. నేను తర్వాత ఆయమ్మ పక్కన ఇరవై నాలుగేండ్లు పనిచేసినా. ఒక్క బిడ్డనంటే ఒక్క బిడ్డను సల్లటి చేత్తో ముట్టుకోగా చూడలేదు.

కాగబెట్టిన గుడ్డతో తల మొదలు తుడిచింది. తడిసిన గుడ్డ తీసేసి ఇంకోటి చుట్టింది. తలకు టోపీ మాదిరి ముడేసింది. "పసిబిడ్డకు ఒంట్లో పెద్దది తలకాయే, వేడి చానా వరకు ఆడ్నుంచే పోతుంది" అని చెప్తానే వుంది. మా అత్త నీళ్ళు పొయ్యల్ల, మైల పోవల్ల అని పట్టుబట్టింది. అక్క మెత్తగా అనింది, "అవ్వా, మైలుంటే నాకంటనీ. నేను ఇంటికి పోయి తలకు పోసుకుంటా. బిడ్డకు మాత్రం ఈ వారం నీళ్ళు చూపించొద్దు." మా అత్త ఇంక నోరు మెదపలేదు. ఆ మైల మాటకు అట్ల జవాబు చెప్పినోళ్ళను మా అత్త అంతకు ముందు చూసి వుండదు.

తూకం వేస్తే ఒక కిలో మూడున్నూట యాభై గ్రాములు. మా అత్తకు కిలోలు తెలీవు. "వీశెకు ఎంత తక్కువ?" అనింది. వీశె అంటే కిలో నన్నూరు. అక్క రవంతసేపు లెక్కేసి "పలమున్నర తక్కువవ్వా" అనింది. మా అత్త గోడకు ఆనుకోని కూలబడిపోయింది. సంతలో వీశెడు బెల్లం దిమ్మ ఒంటి చేత్తో ఎత్తుతాం. దానికంటే తక్కువ.

నెలలు నిండని బిడ్డల గది చిన్నది. చెక్కపెట్టె ఒకటి, దానికి అద్దం మూత, లోపల రెండు బల్బులు. కరెంటు వుంటే సరి. పోతే వేడినీళ్ళ రబ్బరు సంచులు గుడ్డలో చుట్టి బిడ్డకు అటూ ఇటూ పెట్టేది, ఒంటికి తగలకుండా. పెట్టే ముందు తన మణికట్టుకు ఆనించి చూసేది. గంటకోసారి బిడ్డ కడుపు మీద, పాదం మీద చెయ్యి పెట్టేది. కడుపు వెచ్చగా వుండి పాదం సల్లబడితే చలి మొదలయిందని గుర్తు. రెండూ సల్లబడితే ముప్పు వచ్చిందని గుర్తు. పాపా, ఇప్పుడు మీకు తెరమీద అంకెలు కనపడతాయి, మంచిదే. అయినా చెయ్యి పెట్టి చూడు.

ఇంక కరెంటు తెల్లార్లూ లేని రాత్రి వొకటొచ్చింది. రబ్బరు సంచులు సల్లారిపోతా వుండాయి. అప్పుడు ఆయమ్మ నా రవికె గుండీలు విప్పించి, బిడ్డను గుడ్డలన్నీ తీసేసి నా రొమ్ముల నడాన కప్ప మాదిరి బోర్లా పండబెట్టి, పాతచీరతో నాకూ వానికీ కలిపి కట్టేసింది. తెల్లారేదాకా నేను గోడకానుకోనే కూర్చున్యా. వాని గుండె నా గుండె మీద కొట్టుకుంటా వుంటే, పుట్టినాక మొదటిసారి వాడు నా బిడ్డ అనిపించింది. చానా యేండ్లకు కంగారూ కేర్ అని శిక్షణ ఇస్తే, 1978లో కొలంబియా దేశంలో బొగోటా అనే ఊర్లో పెట్టెలు చాలక ఎడ్గార్ రే అనే డాక్టరు ఈ పద్ధతి పెట్టినాడని చెప్పినారు. నేను అక్క మొకం చూసినా. "నీకెట్ల తెలుసు అప్పుడే?" అంటే, "మన సోమల కొండల్లో మేకలు కాసేవాళ్ళు వానలో ఈనిన పిల్లను ఎట్ల తెస్తారు ఇంటికి? రొమ్ముకు అదుముకోనే గదా" అనింది.

పాల సంగతి చెప్తే మీరు నమ్మరు. నా ముర్రుపాలు పచ్చగా వుండాయని మా అత్త పిండి పారబోస్తా వుంటే అక్క చూసి పరిగెత్తుకోని వచ్చింది. అంత బిన్నా వచ్చింది నేను అప్పుడే చూడటం. "అది పాలు గాదవ్వా, మందు" అనింది. బిడ్డకు చీకే శక్తి లేదు. సన్నటి గొట్టంలో మొదట్లో ఒక్కోసారి ఆరేడు మిల్లీలీటర్లు, అంటే టీచెంచాకు రవంత ఎక్కువ. రెండు గంటలకొకసారి, పగలూ రాత్రీ కలిపి పన్నెండు సార్లు. మూడు వారాలు అయినాక గొట్టం తీసి ఉగ్గుగిన్నెతో. ఉగ్గుగిన్నె ముక్కును కింద పెదవి మూలకు ఆనించి, చుక్క పోసి, బిడ్డ గుటక వేసేదాకా కాచుకోని వుండేది. గుటక పడింది చెవిపెట్టి వినేది. ఆ గుటక సద్దు విన్నాకే రెండో చుక్క. ఆ కొంచెం పాలకు చానాసేపు పట్టేది. మీరిప్పుడు కాఫీ తాగే టైములో ఆయమ్మ ఒక బిడ్డకు చెంచాడు పాలు పోసేది. అట్లాంటి బిడ్డలు ఐదు మంది, ఈయమ్మ ఒక్కతే.

నాలుగో దినం బిడ్డ పసుపు పూసినట్టు పచ్చబడినాడు. కామెర్లు. అక్క ముక్కు మీద వేలుతో నొక్కి, వేలు తీసినాక చర్మం రంగు చూసేది, తర్వాత రొమ్ము మీద, కడుపు మీద, అరికాలు మీద. పచ్చదనం అరికాలికి దిగితే ప్రమాదం. పొద్దన్నే కిటికీ పక్కన లేత వెలుగులో పండబెట్టేది. అప్పుడు చెప్పింది నాకొక సంగతి. 1956లో ఇంగ్లండులో రాచ్‌ఫర్డ్ అనే ఊరి ఆసుపత్రిలో జీన్ వార్డ్ అని ఒక నర్సు నెలలు నిండని బిడ్డల్ని ఎండ బాగా కాసిన రోజు పెరట్లోకి తీసుకపోయేదంట. ఒకరోజు డాక్టర్లకు ఒక బిడ్డను విప్పి చూపించింది. ఒళ్ళంతా రంగు తేలిపోయింది, దుప్పటి కొస కప్పిన మూడు మూలల చోటు మాత్రం పచ్చగానే వుంది. వెలుతురు తగిలితే కామెర్లు తగ్గుతాయని లోకానికి తెలిసింది ఆ దుప్పటి కొసతోనే. రెండేండ్లకు, 1958లో, డాక్టర్లు లాన్సెట్ పత్రికలో రాసినారు. ఇప్పుడు మీ ఆసుపత్రుల్లో బిడ్డను పండబెట్టే నీలం లైట్లన్నిటికీ అదే మొదలు. "కనిపెట్టింది నర్సు. చూసేది మన పని గాబట్టి కనిపెట్టింది" అనేది అక్క. ఆ మాట చెప్పేటప్పుడు ఆయమ్మ ఒళ్ళు పొంగిపొయ్యేది. అట్లని ఇప్పుడు ఇంట్లో ఎండకు పెట్టుకోని కూర్చోవద్దు తల్లీ. బిడ్డ పచ్చబడితే ఆసుపత్రికే.

ఆయమ్మ ఎవురో చెప్పలేదు గదా. మన పక్కూరే, కొండ కింద. పదిహేడో యేట పెండ్లి చేసిరి. ఆడబిడ్డ పుట్టిన ఎనిమిదో నెల, పని వెతుక్కుంటానని మొగుడు బెంగుళూరు పొయ్యినాడు. జాబు లేదు, డబ్బు లేదు, మనిషి లేడు. చచ్చినాడని తెలిస్తే విధవ అనేవాళ్ళు, ఆ పేరు కూడా లేకుండా చేసినాడు. అత్తగారింట్లో వుండనియ్యలేదు. అమ్మగారింట్లో చోటుంది గానీ గింజలు లేవు. బిడ్డను వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టి, మదనపల్లెకు పోయి నర్సింగు నేర్చుకునింది. మూడేండ్లలో బిడ్డను చూసింది సెలవలకే. ఒకతూరి వస్తే బిడ్డ గుర్తుపట్టక వాళ్ళవ్వ చీర ఎనక దాక్కునిందంట. ఇది చెప్పి ఆయమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మదనపల్లె అంటే ఇప్పుడు మీకు టమాటా మార్కెట్టు. అప్పట్లో అది వైద్యానికి పేరుబడిన ఊరు. మన చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే ఆర్కాటు మిషన్ వాళ్ళు ఆడోళ్ళకూ పిల్లోళ్ళకూ అని మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి తెరిచినారు, లూయిసా హార్ట్ అనే డాక్టరమ్మ ఆధ్వర్యంలో. ఊరి బయట ఆరోగ్యవరం శానిటోరియం, దేశం నలుమూలల నుంచి క్షయ రోగులు వచ్చేవాళ్ళు. బీసీజీ సూది పనిచేస్తుందా లేదా అని 1950 నుంచి యేండ్ల తరబడి పరీక్ష చేసి చూసింది మదనపల్లె చుట్టూ వుండే పల్లెల్లోనే. బిడ్డ పుడుతానే ఎడమ భుజం మీద వేస్తారే, ఆ సూదే. అటు దిగితే వేలూరు. 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టి, 1909కి నర్సుల బడి, 1946కు డిగ్రీ చదువు. ఇవన్నీ రాత్రి డ్యూటీలో నిద్ర రాకుండా అక్క నాకు చెప్పే కతలు. రాజులవీ రాణులవీ కతలు ఆయమ్మకు రావు. ఇవే వచ్చు.

ఉద్యోగం వచ్చినాక బిడ్డను తెచ్చుకోని మదనపల్లెలో కాపురం పెట్టింది. మొగుడు లేనిది, రాత్రి పూట బయటికి పోతుందని ఇల్లు ఇచ్చేవాళ్ళు లేరు. మూడిండ్లు మారింది. నాలుగో ఇల్లు ఒక సాయిబు గారిది. ఆయన వాళ్ళమ్మ, ముసలామె, "రాత్రికి పాప నా పక్కలో పండుకుంటుంది, నువ్వు పో బేటీ" అనింది. రాత్రి ఎనిమిదికి పోతే పొద్దన ఎనిమిదికి వచ్చేది. వచ్చి జడేసి, సంగటీ ఊరిబిండీ పెట్టి, బడికి పంపి, అప్పుడు పండుకునేది. రెండు గంటలకు లేచి కుట్టుమిషను. బిడ్డ బడి గౌను ఎప్పుడూ ఇస్త్రీతో వుండేది. తను రెండే చీరలు.

ఇంక నా మనసులో ముల్లు మాదిరి వుండే సంగతి. మీ నాయన పుట్టిన తొమ్మిదో దినం, మద్దేన్నం, సాయిబు గారి కొడుకు ఆసుపత్రి గేటు కాడికి పరిగెత్తుకోని వచ్చినాడు. అక్క పాపకు అమ్మవారు పోసింది. ఆటలమ్మ. ఒళ్ళు కాలిపోతా వుంది. పాపకు అప్పుడు పదమూడేండ్లు.

ఆటలమ్మ పసిబిడ్డలకు అంటితే ప్రాణం మీదికి వస్తుంది. నెలలు నిండనోళ్ళకయితే చెప్పనక్కర్లేదు. పెద్ద డాక్టరు చెప్పేసినాడు. ఇంటికి పోతే మూడు వారాలు ఈ గదిలోకి రాకూడదు, గదిలో వుంటే ఇంటికి పోకూడదు. రెండో నర్సు కాన్పు సెలవులో వుంది. గదిలో ఐదు మంది, అందులో ముగ్గురు వీశెకు తక్కువ.

అక్క కొళాయి కింద చేతులు పెట్టుకోని నిలబడింది. నీళ్ళు పోతానే వుండాయి. సబ్బు రుద్దుతానే వుంది. ఎంతసేపో. తర్వాత కొళాయి కట్టేసి, ఆ పిలకాయతో "మీ జేజిని అడిగినానని చెప్పు. రెండు జతల బట్టలు పంపించమను. యాపాకు పరచమను. మజ్జిగ ఇయ్యమను" అనింది. పిలకాయ పోతా వుంటే మళ్ళీ పిలిచి, "జ్వరం దిగితే రాత్రి ఎనిమిదికి వాకిట్లో లాంతరు పెట్టమను. మేడ మీద నుంచి చూస్తా" అనింది.

ఇదంతా నాకు అప్పుడు తెలీదు. నాకు తెలిసిందల్లా ఆయమ్మ ఇంటికి పోవడం మానేసింది, సామాన్ల గదిలో చాప మీద పండుకుంటా వుంది, రాత్రి ఎనిమిదికి ఒకసారి మేడెక్కి దిగుతుంది. మొదటి రాత్రి లాంతరు లేదు. రెండో రాత్రి లేదు, మూడో రాత్రి లేదు. నాలుగో రాత్రి మేడ దిగి వచ్చి కూర్చుందో లేదో, మీ నాయన ఊపిరి ఆపేసినాడు. నెలలు నిండని బిడ్డలు ఊపిరి తీసుకునేది మర్చిపోతారు, లోపల ఆ బుద్ధి ఇంకా ముదరదు. మొకం నీలంగా తిరిగింది. అక్క అరికాలు మీద వేలితో చిటికేసింది. ఒకటి, రెండు, మూడు. వాడు ఉలిక్కిపడి గుక్క తీసినాడు. ఆ రాత్రి అట్ల ఏడుసార్లు మర్చిపోయినాడు. ఏడుసార్లూ ఆయమ్మ గుర్తుచేసింది. కన్ను తిప్పితే పోయినట్టే. నేను పక్కన కూర్చోని చూస్తా వుండా. వేలు కందిపోయింది, నడుము వొంగిపోయింది, కండ్లు మాత్రం బిడ్డ రొమ్ము మీదనే. ఆ రాత్రి ఇంకో బిడ్డ, తన బిడ్డ, జ్వరంలో అమ్మా అమ్మా అంటా వుండాదని నాకు తెలీదు.

ఐదో రాత్రి లాంతరు కనబడింది. మేడ దిగి వచ్చి అక్క నాతో ఏమీ చెప్పలేదు, ఆ పొద్దు మొదటిసారి బువ్వ కడుపునిండా తినింది. పదారు దినాలు ఇంటికి పోలేదు. విషయం నాకు ఆయా ద్వారా పదో దినం తెలిసింది. నేను కాళ్ళు పట్టుకోబోతే ఎనక్కి జరిగి, "లే. పాలకు టైమయింది" అనింది.

నలభై రెండో దినం రెండు కిలోలకు రవంత తక్కువతో మీ నాయన ఇల్లు చేరినాడు. రెండేండ్లకు అదే వార్డులో ఆయా పని ఖాళీ అయితే అక్కే కబురు పెట్టింది. మీ తాత ఊర్లో సేద్యం చూసుకునేవాడు, నేను ఆడ. 1976 నుంచి 2000లో అక్క రిటైరయ్యేదాకా పక్కనే వుండా. 1985లో అందురు బిడ్డలకూ టీకాలని పెద్ద కార్యక్రమం వచ్చింది, 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు బండ్లు వచ్చినాయి. మొదటిసారి ఆ బండి సైరను విన్నప్పుడు నాకు చింతపండు మూటలే గుర్తొచ్చినాయి.

అక్క పాపను టీచరు ట్రైనింగు చదివించింది. టీచరమ్మ అయింది, పెండ్లయింది, కడదాకా అమ్మను తన దగ్గరే పెట్టుకునింది. అక్క పోయి కొన్నేండ్లయింది. దినానికి పోతే పట్టుమని ఇరవై మంది లేరు. ఎట్ల వుంటారు? ఆయమ్మ చేతుల్లో బతికిన వేల మందికి ఆయమ్మ పేరే తెలీదు గదా. పేరు చెప్పకపోవడం తప్పని నాకు ఆ పొద్దు తెలిసింది. అయినా మాట ఇచ్చినా గాబట్టి ఇప్పుడూ చెప్పలేదు.

అందురూ పోయినాక నేను టీచరమ్మ పక్కన కూర్చోని, నలభై యేండ్లుగా అడగలేనిది అడిగినా. "అమ్మా, ఆ పదారు దినాలు నా కొడుక్కోసరం నీ దగ్గర నుంచి తీసుకున్యాం. నన్ను మన్నిస్తావా?" అంటి. ఆయమ్మి చానాసేపు అట్లనే కూర్చునింది. తర్వాత చెప్పింది, "అప్పుడు కోపమే పిన్నీ. అమ్మ నన్ను కాకుండా ఎవురెవురి బిడ్డల్నో ఎత్తుకుంటా వుందని. మా అమ్మ దగ్గర డెట్టాలు వాసన వచ్చేది, చీర కొంగులో కూడా. ఆ వాసనంటేనే కోపం." మళ్ళీ ఆగింది. "ఐదో రాత్రి ఆ లాంతరు పెట్టింది జేజి గాదు, నేనే. జ్వరం దిగలేదు. ఇంకా మూడు దినాలు వుండింది. జేజి నిద్రపోయినాక గోడ పట్టుకోని లేచి పోయి పెట్టినా. నాలుగు రాత్రులు అమ్మ మేడ మీద నిలబడుకోని చూస్తా వుండింది నాకు కిటికీలోంచి కనపడింది. పాపం, పోయి పండుకోనీ అని పెట్టినా. అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు."

అదమ్మా కత. మీ నాయన బతికింది ఒక్క నర్సు చేతుల వల్ల అని నేను నలభై యేండ్లు చెప్పుకుంటా వస్తి. పదమూడేండ్ల పిల్ల లాంతరు కూడా వుంది అందులో.

పాపా, నువ్వు రేపు డ్యూటీ చేసేటప్పుడు చేతులు రుద్దుకోని బిడ్డను ముట్టుకో. మిగిలినోళ్ళకు ఒకటే అడుగుతా. మీ వీధిలో రాత్రి డ్యూటీకి పొయ్యే నర్సమ్మ ఎవురైనా వుంటే, ఆయమ్మ ఇంట్లో ఒంటిగా వుండే పిల్లను పిలిచి ఇంత సంగటి పెట్టండి, మీ పక్కలో పండబెట్టుకోండి. ఆ తల్లి ఆ రాత్రి ఎవురి బిడ్డ కాడ కూర్చోనుంటుందో మీకు తెలీదు. మన బిడ్డ కాడే కావచ్చు.